ఒక్కసారే నొక్కాను

కంటి ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయికి, పై అంతస్తులో డేటాబేస్ చూసే అబ్బాయికి పరిచయం కయ్యంతోనే మొదలైంది.

"మీ స్క్రీన్ మళ్లీ బిగుసుకుపోయిందండీ," అని ఫోన్ చేసేది ఆమె.

"స్క్రీన్ నాది కాదండీ, మీదే."

"అయితే మీరే వచ్చి నచ్చజెప్పండి. నా మాట వినట్లేదు."

ఫోన్‌లో తేలిపోయే పనికి కూడా అతడు మెట్లు దిగి వచ్చేవాడు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఎవరూ బయటపడలేదు.

ఒక సోమవారం పొద్దున స్క్రీన్లన్నీ పావుగంట ఆగిపోయాయి. కదిలాక చూస్తే తొమ్మిది మంది పేర్లు రెండేసిసార్లు ఎక్కి ఉన్నాయి. ఆ గందరగోళంలో ఆపరేషన్‌కి వచ్చిన ఒక పెద్దావిడ వరుస వెనక్కి పోయింది. మంచినీళ్లయినా ముట్టకుండా సాయంత్రం దాకా కూర్చుని, ఆపరేషన్ కాకుండానే ఇంటికి వెళ్లింది.

సూపరింటెండెంట్ అందరినీ పిలిచాడు.

"కౌంటర్‌లో బటన్ రెండుసార్లు నొక్కి ఉంటారు," అనేశాడు డేటాబేస్ అబ్బాయి, ఎప్పుడేం జరిగిందో కంప్యూటర్ రాసిపెట్టుకునే లాగ్ చూడకుండానే.

"నేను ఒక్కసారే నొక్కాను," అంది ఆమె, అతని వంకే చూస్తూ.

ఆమెను పాత రికార్డుల గదికి మార్చారు.

మర్నాడు లాగ్ చూశాక అతనికి అసలు సంగతి తెలిసింది. డేటాబేస్‌లో పేషెంట్ల వివరాలుండే టేబుల్‌లో సవరణ మొదలుపెట్టి, ముగించకుండా టీకి లేచింది తనే. అంతసేపూ టేబుల్‌కి తాళం పడి, కౌంటర్ కనెక్షన్లన్నీ గుమ్మం బయటే నిలబడ్డాయి. జవాబు రాకపోయేసరికి ప్రోగ్రామే అవే వివరాలను మళ్లీ పంపింది. తాళం వీడగానే రెండూ లోపలికొచ్చాయి.

రేపు చెబుదామనుకున్నాడు. రెండోసారి ఎక్కిన పేర్లు తీసేశాడు. ఒకే నమోదు రెండోసారి ఎక్కకుండా కట్టుదిట్టం చేశాడు. చెప్పడం మాత్రం రోజూ వాయిదా వేశాడు. పదో రోజున సూపరింటెండెంట్ ముందు అంతా ఒప్పుకుని, రికార్డుల గదికి వెళ్లాడు.

"తప్పు నాదేనండీ. పైన చెప్పేసి వచ్చాను."

"మంచి పని చేశారు," అంది ఆమె, ఫైళ్లు సర్దుతూనే.

"ఇంకో మాట. మీరంటే నాకు..."

"తెలుసు. ఆ సోమవారం సాయంత్రమే ఓ సంబంధం వచ్చింది. మనసులో ఎవరైనా ఉన్నారా అమ్మా అని నాన్న అడిగారు."

"ఏమన్నారు?"

"లేరన్నాను." ఇంకో ఫైలు అందుకుంటూ అంది, "మర్నాడైనా మీరొస్తారని చూశాను. నిన్న వాళ్లకి మాటిచ్చేశాం."

ఆ మాట వెనక్కి తీసుకోమని అడగబోయాడు. ఆమెను మరోసారి ఇరకాటంలో పెట్టడానికి మనసొప్పలేదు.

"సంతోషంగా ఉండండి," అన్నాడు.

ఆమె తలూపింది.

అతడు బయటికొచ్చి వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. చాలాసేపటి దాకా లోపల ఒక్క ఫైలు కదిలిన చప్పుడూ వినిపించలేదు.