ధురంధరుడంటే అర్థం

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి కొడుకు ఒక కరపత్రం తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. అరవై కాపురాలున్న ఆ భవనానికి పదకొండింటికి సంఘం అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. కాగితం మీద కొడుకు ఫొటో, కింద పెద్దక్షరాల్లో ‘కార్యధురంధరుడు’ అని ఉంది. నలభై ఏళ్లు సంస్కృతం చెప్పి రిటైరైన మాస్టారు కళ్లజోడు సవరించుకుని, అచ్చుతప్పయినా దొరక్కపోతుందా అని వెతికారు. దొరకలేదు.

“మీటింగులో ఈ మాట గురించి రెండు ముక్కలు చెప్పండి నాన్నా. మీరు చెబితే అందరూ వింటారు.”

“అర్థం చెప్పమంటావా?”

“అర్థమేముంది, గొప్పవాడని.”

“ధుర అంటే కాడిరా. ధురంధరుడంటే కాడి మోసేవాడు. ఎవరి మెడ కాయలు కాసిందో చూసి వాణ్ణి పెద్దగా పెట్టుకోమని మా గురువుగారు చెప్పేవారు. పెట్టండని అడిగేవాణ్ణి కాదు.”

వంటింట్లోంచి కోడలు నోరు జారింది. “ఆ లెక్కన కింద వాటా నర్సమ్మగారే కదా మామయ్యగారూ.”

అని నాలిక కరుచుకుంది గాని, అన్న మాట వెనక్కి వస్తుందా? కొడుక్కి పోటీగా నిలబెట్టింది ఆ నర్సమ్మనే. ఆవిడ అడగలేదు, జనమే పేరు రాసేశారు. మాస్టారి భార్య మంచాన పడ్డ మూడు నెలలూ, పూటకోసారి నాలుగంతస్తులెక్కి పుళ్లు కడిగి కట్టు కట్టిందావిడ. కొడుకప్పుడు ఆఫీసు పని మీద ఊళ్లు తిరుగుతున్నాడు.

“బావుంది. ఇంట్లోవాళ్లే ఓటేసేలా లేరు. నాన్నా, సూటిగా చెప్పండి, నాకు చెయ్యెత్తుతారా, ఎత్తరా?”

మాస్టారు కరపత్రం మడిచి టీ గ్లాసు కింద పెట్టారు.

“ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీ నాన్నా. నా వెనకొచ్చినవాళ్లు నాకు ఆఫీసర్లయ్యారు. ఎక్కాలు తప్పినప్పుడల్లా గొప్పవాడివి కావాలి, గొప్పవాడివి కావాలి అని నా చెవిలో పోరిందెవరు? నా బతుక్కి ఈ అరవై గుమ్మాలే మిగిలాయి. ఇదీ కాకుండా పోతే ఇంక నేనేం కాను.” గ్లాసు కింద కరపత్రం లాగి తీసుకున్నాడు. “ఏం మాట్లాడొద్దు. చెయ్యెత్తండి చాలు.”

యాభై ఏళ్లొచ్చిన కొడుకు చిన్నపిల్లాడిలా పెదవి బిగించుకుని నిలబడితే ఏ తండ్రి మాత్రం ఏం చేస్తాడు? మాస్టారు కండువా భుజాన వేసుకుని లేచారు.

కార్లు నిలిపే చోటే కుర్చీలు వేశారు. నర్సమ్మ చివరి వరసలో తల వంచుకుని కూర్చుంది. కార్యదర్శి ముందుగా మాస్టారి కొడుకు పేరు చదివాడు. అక్కడొకటి, ఇక్కడొకటి చేతులు లేచాయి. మాస్టారు వెనక్కోసారి చూసి, చూపు నేలకు దించుకుని, చెయ్యెత్తారు. అది భుజం దాటి లేవలేదు. జన్మలో తెలిసి తప్పు పాఠం చెప్పని మనిషి, పాపం.

ముందు నిలబడ్డ కొడుకు అది చూశాడు. కార్యదర్శి లెక్కపెడుతుండగానే గబగబా వచ్చి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు.

“దించండి నాన్నా.”

“నీకేరా వేస్తున్నాను.”

“తెలుసు. అందుకే దించమంటున్నాను.”

మాస్టారి కళ్లజోడు తడిసిపోయింది. “గొప్పవాడివి కమ్మన్నానే గాని, గొప్పంటే ఏమిటో నీకు ఒక్కనాడూ చెప్పలేదురా. ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను.”

కార్యదర్శి మొహమాటంగా అడిగాడు. “మాస్టారి చెయ్యి లెక్కలో వెయ్యమంటారా, వద్దా?”

“వద్దండీ,” అన్నాడు కొడుకు. “ఆయన్ని నేను బలవంతపెట్టాను.”

అరవై కాపురాల ముందు ఆ మాటనేసి, తండ్రి పక్క కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత నర్సమ్మ పేరు చదివినప్పుడు అందరికంటే ముందు లేచిన చెయ్యి అతనిదే.