తువ్వాలు కింద చెయ్యి

ఆగడం కూడా ఒక సరుకేనని, దాన్ని తయారుచేసి అమ్మొచ్చని సుభాష్‌కి ముసునూరు రోడ్డు మీద తెలిసింది.

ముందు వెళ్తున్న బైకు ఉన్నట్టుండి ఆగింది. అతని మినీ ట్రక్కు ఆగలేదు. ఎంత తొక్కినా జారుకుంటూ వెళ్లి బైకు మడ్‌గార్డుని ముద్దాడింది. పైనున్న క్రేట్లు జారి బంగినపల్లి కాయలు రోడ్డంతా దొర్లాయి.

"నడిరోడ్డు మీద అలా ఆగిపోతారేంటండీ?"

హెల్మెట్ తీసిన అమ్మాయి టైరు గీతని చూసి మురిసిపోతోంది. "ఎంత బాగా ఆగిందో చూశారా!"

"నా కాయలు చూశారా?"

"ఇంతకీ మీ బండికి బ్రేకులున్నాయా, హారన్‌తోనే నెట్టుకొస్తున్నారా?"

ఆ అమ్మాయి సుప్రజ. చెన్నైలో ఉద్యోగం మానేసి వచ్చి, నాన్న నరసింహులు మామిడితోట చివర రేకుల షెడ్డులో రేసు కార్లకీ, బైకులకీ బ్రేకు ప్యాడ్లు తయారుచేస్తోంది. ఆ తోట కాపు ఏటా కొనేది సుభాషే. కూతురి సంగతి మాత్రం అప్పటిదాకా అతని సరుకుల లెక్కలో లేదు.

"మడ్‌గార్డు బాగు చేయిస్తానండీ," అన్నాడు తగ్గి.

"వద్దు. మీ ట్రక్కు ఇవ్వండి, నా ప్యాడ్లు వేసి చూస్తాను. ఇంత బరువుతో చాట్రాయి మెరక దిగడం కంటే పెద్ద రేసేముంది?"

వేసి తాళాలిస్తూ చెప్పింది. "కొత్త ప్యాడ్లు వెంటనే పట్టవు. మెల్లగా తొక్కుతూ, చల్లారనిస్తూ నడపండి. డిస్కుకీ ప్యాడుకీ పరిచయం కావాలి."

"దానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"డిస్కుకా, మీకా?"

ఆ తర్వాత సుభాష్ ఏదో చప్పుడొస్తోందంటూ షెడ్డుకి వచ్చేవాడు. లేని చప్పుడు వెతకడానికి ఆమె కూడా తొందరపడేది కాదు.

కోతలు ముగిశాక, వచ్చే ఏడు కాపుకి బేరం పెట్టాడు నరసింహులు. ఆయనది పాత పద్ధతి. ధర నోటితో చెప్పడు. తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుని చెప్పాలి. ఒక్కో వేలుకి ఒక్కో లక్ష, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. ఇంతలో ఫోనొచ్చి, "మా అమ్మాయితో తేల్చుకోరా," అంటూ బయటికెళ్లాడు.

సుప్రజ ఎదురుగా కూర్చుంది. తువ్వాలు కింద ఆమె చెయ్యి వచ్చి అతని చేతిని మొత్తంగా పట్టుకుంది. వదల్లేదు.

సుభాష్ అలవాటు కొద్దీ అనేశాడు. "ఐదా! మరీ ఎక్కువండీ. కొంచెం తగ్గించుకోండి."

చెయ్యి వెనక్కి పోయింది.

"నాకు వేళ్ల లెక్క రాదండీ," అందామె లేస్తూ. "తగ్గించుకోవడం అసలే రాదు."

వెంటనే షెడ్డులోకి వెళ్లిపోయింది. నరసింహులు తిరిగొచ్చి, "కుదరలేదా? అయితే చాట్రాయి వ్యాపారిని రమ్మంటాను," అన్నాడు.

సగం దారిలో సుభాష్‌కి వెలిగింది. లెక్కే రాని మనిషి చెప్పింది ధర ఎలా అవుతుంది? తోట పోతే ఇంకో తోట దొరుకుతుంది. ఆ చెయ్యి మళ్లీ ఏ మార్కెట్టుకీ రాదు.

బండి తిప్పాడు. వాన దంచుతోంది. ఎర్రమట్టి దారి వెన్నలా జారుతోంది. గేటు మూస్తూ సుప్రజ ఎదురుగా కనబడింది. బ్రేకు నొక్కాడు. ట్రక్కు గేటుకి మూరెడు దూరంలో నిలబడిపోయింది.

"పట్టాయా?" అందామె ముభావంగా.

"పట్టాయండీ. పరిచయం పూర్తయింది." తడుస్తూ దిగి, భుజం మీది తువ్వాలు చేతిమీద కప్పి చాచాడు. "ఇందాక తప్పు చదివాను. మళ్లీ చెప్పండి. ఈసారి బేరమాడను."

"ఐదు మరీ ఎక్కువన్నారుగా?"

"ధర అనుకున్నాను. మీ చెయ్యి అనుకోలేదు."

ఆమె నవ్వు దాచుకుంటూ తువ్వాలు కింద చెయ్యి పెట్టి, చిటికెన వేలు మాత్రం పట్టుకుంది.

"ఇదేంటండీ, ఒకటేనా?"

"కొత్త ప్యాడ్లు. మెల్లగా."

వాన తగ్గేలోపే చెయ్యంతా చేతిలోకి వచ్చేసింది.

గొడుగేసుకుని నరసింహులు వచ్చాడు. "ఏరా, ఎంతకి తెగింది?"

"బాబాయ్ గారూ, అదీ..."

ఆయన తువ్వాలు ఎత్తి చూశాడు. కలిసిన చేతుల్నీ, కూతురి మొహాన్నీ చూసి, తువ్వాలు తీసి తన భుజాన వేసుకున్నాడు. "దాచేదేముంది ఇందులో? కానీ బాబాయ్ అంటావేంటిరా! ముందు వరస మార్చు. సరే, తోట సంగతేంటి?"

"తర్వాత చూద్దాం, మావయ్య గారూ," అన్నాడు సుభాష్, ఆమె చెయ్యి వదలకుండానే.