బాయిలర్‌లో పావురాలు

"మా నాయన బీడీ ముట్టడు మేడమ్. ఆ మాట ఒక్కటి తుడిచేయండి, సాలు."

తిరుపతిలో రేవతి డిటెక్టివ్ ఆఫీసు తెరిచి ఏడాది. సుకుమార్‌ను పెళ్లి చేసుకుని నెల తిరగలేదు. ఆమెకు అసిస్టెంటూ అతడే. ఇద్దరూ ఒకే గ్లాసులో కాఫీ తాగుతుండగా జెస్సీ వచ్చింది. సుకుమార్ సిగ్గుపడి గ్లాసును ఫైళ్ల వెనక దాచాడు.

జెస్సీ తండ్రి రాజారత్నం రేణిగుంట దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాచ్‌మన్. పోయిన శుక్రవారం గోడౌను తగలబడింది. అతడు లోపలే కాలిపోయాడు. బీడీ వల్లే నిప్పంటుకుందని యజమాని సుబ్రమణ్యం పోలీసులకు రాసిచ్చాడు. నేరం శవం మీదికి పోయింది.

"శుక్రవారం రాత్రంతా నాయన చర్చిలో ప్రార్థనకు పోతాడు. ఊరంతా తెలుసు. ఆ పొద్దు వానకు బస్సు రాక, వెనక్కొచ్చి గోడౌనులో గుజ్జు డ్రమ్ముల సాటున పడుకున్నట్టుండాది. తలుపుకు బయట తాళం. దాంట్లో యిరిగిన తాళంచెవి. అది దొంగల పనంటాండారు పోలీసోళ్లు."

"తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి?"

"నాయన దగ్గర, యజమాని దగ్గర, గోడౌను సూసుకునే మా అన్న దయానంద్ దగ్గర."

సుకుమార్ కంపెనీ వార్షిక లెక్కలు తెప్పించాడు. లాభం చూసి మురిసిపోయాడు. "భలే కంపెనీ!"

"లాభం పెళ్లి ఫోటో లాంటిది, అసిస్టెంటు గారూ. అందులో అందరూ నవ్వుతారు. కాపురం సంగతి వెనక నోట్స్‌లో ఉంటుంది."

ఆమె రెండు చోట్ల వేలు పెట్టింది. గుజ్జు నిల్వ ముందటేడాదికి రెండింతలు. బాయిలర్ కట్టెలు, కరెంటు ఖర్చు దాదాపు సున్నా.

"ఉడికించకుండా గుజ్జు ఎలా వచ్చింది?"

"బయట కొన్నారేమో."

"ఎవరి దగ్గర? సంబంధిత పార్టీల నోట్ చదువు, సొంతవాళ్లతో చేసిన బేరాలు అందులో ఉంటాయి."

గుజ్జు అమ్మింది ఒక చిన్న సంస్థ. భాగస్వాములు సుబ్రమణ్యం, ఆర్. దయానంద్. చదువుతున్న సుకుమార్ గొంతు తగ్గిపోయింది.

మర్నాడు దయానందే వాళ్లకు ఫ్యాక్టరీ చూపించాడు. అతడి కుడి అరచేతికి కట్టు ఉంది.

"బాయిలర్ తలుపు తగిలి కాలినాది సార్, పోయినవారం."

సుకుమార్ బాయిలర్ నోట్లోకి తొంగిచూశాడు. పుల్లల గూట్లో రెండు పావురం పిల్లలు, ఒళ్లంతా పసుపు నూగుతో. "రేవతీ, ఇటు రా, ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు," అని చెయ్యి పట్టి లాగాడు. ఆమె పిల్లల్ని చూసింది. తర్వాత దయానంద్ కట్టును చూసింది.

సాయంత్రం కాలిన గోడౌను ముందు అందరినీ పిలిపించింది. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు.

"బిరీన కానీమ్మా," అన్నాడు సుబ్రమణ్యం. "ఇన్సూరెన్సోళ్లు వస్తాండారు."

"ఈ డ్రమ్ముల్లో గుజ్జు ఎన్నడూ లేదు," అంది రేవతి. "మిగిలినవి తెరిపించండి ఇన్‌స్పెక్టర్ గారూ, నీళ్లుంటాయి. సుబ్రమణ్యం గారూ, మీరూ దయానందూ మీ సొంత సంస్థ నుంచి కాగితం మీద సరుకు కొని, దాన్ని చూపి బ్యాంకు అప్పు తెచ్చారు. బ్యాంకు తనిఖీ రాకముందే ఆ సరుకు కాలిపోయిందనిపించాలి. శుక్రవారం రాత్రి వాచ్‌మన్ ఉండడు. నిప్పు పెట్టి తాళం వేసింది దయానంద్."

"మా అన్నా?" అంది జెస్సీ.

"పావురాలు గూడు కట్టిన బాయిలర్ ఎవరి చేతినీ కాల్చదు. కాల్చింది మంటలకు కాగిన ఈ తలుపు తాళం. మండుతున్న గోడౌనులోకి దొంగ పోడు. లోపలి మనిషి గొంతు గుర్తుపట్టి, తలుపు తీయబోయినవాడే తాళంచెవి విరిగేదాకా తిప్పుతాడు."

సుబ్రమణ్యం చేతులు దులుపుకున్నాడు. "ముసలాయన ఉండాడని నాకేం తెలుసప్పా? వానొస్తే ఇంటికి పోవాల గానీ ఈడ పడుకుంటారా? బీడీ మాట చెప్పింది కూడా వీడే. నేను సంతకం చేసినా, అంతే."

ఇన్‌స్పెక్టర్ ఇద్దరి దగ్గరికీ కదిలాడు. సుకుమార్ రేవతి కొంగు పట్టుకుని నిలబడ్డాడు.

జెస్సీ అన్న ఎదుటికి వచ్చింది. ఏడవలేదు.

"బయట ఉండేది నువ్వేనని నాయనకు తెలిసినాదా?"

దయానంద్ కట్టుకట్టిన చేతిని చూసుకున్నాడు.

"తెలిసినాది."

"ఏమన్నాడు?"

"'దయా, చెయ్యి కాలతాది, వదిలేసి పో నాయనా' అన్నాడు."