నక్షత్రం కింద గీత

"దీన్ని ఎవరో ఆకురాయితో రుద్దినారు," అన్నాడు జిలాని హిందీలో, భూతద్దం కంటి నుంచి తీయకుండానే.

మస్కట్‌లో, అల్ మవాలేలోని ఆ బంగారు నగల దుకాణంలో అతను పనివాడు. కౌంటర్ అవతల ఇద్దరున్నారు. ఒకరు కాసు యజమాని హిలాల్, ఒమానీ. రెండో మనిషి ఉమైమా. ఆమె చూపు చూడగానే ఏదో అనకూడని మాట అన్నానని జిలానికి అర్థమైంది. ఏ మాటో మాత్రం తెలియలేదు.

అది 1803 నాటి అమెరికా బంగారు కాసు. టోపీ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ, చుట్టూ నక్షత్రాలు. ఒకప్పుడు అమెరికా ఓడలు మస్కట్ రేవుకి వచ్చేవని హిలాల్ తండ్రికి ఆయన తాత చెప్పేవాడట. ఆ మోజుతో ఆయన ఇలాంటి తొలినాటి కాసులు పదకొండు కూడబెట్టి, వాటిని చూసుకుంటూనే కన్నుమూశాడు. వచ్చే వారం అల్ ఖువైర్‌లో వాటిని ప్రదర్శనకు పెడుతున్నారు. అందుకే పరీక్ష చేయించడానికి తెచ్చారు.

ముప్పై ఏళ్ళుగా ఆ కాసుల బీరువా తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. ఆయన కడప నుంచి వచ్చి హిలాల్ ఇంట్లో పనిచేస్తున్న డ్రైవర్ ఖాదర్‌వలి, ఉమైమా తండ్రి. కాసుల జాబితా రాసిపెట్టింది ఉమైమా.

హిలాల్ మర్యాదస్తుడు. బంగారం గీకి కాజేసింది నువ్వేనా అని ఎవరినీ అనలేదు. ఇంటికెళ్ళాక తాళంచెవి మాత్రం అడిగి తీసుకున్నాడు.

మరుసటి రోజు ఉమైమా ఒక్కతే దుకాణానికి వచ్చింది. నీది యా ఊరని అడిగింది. ప్రొద్దుటూరన్నాడు జిలాని.

"బంగారు అంగళ్ళ ఊరోడివి. నోరు మాత్రం ఇత్తడి. నిన్నటి నుంచి మా అబ్బా అన్నం ముట్టలేదు, తెలుసునా?"

"గీతలు ఉండేది నిజమే కదండీ," అని నసిగాడు జిలాని.

"గీతలు నిజమే. దొంగ నిజమేనా?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కూడా ఆ కోపం నిండిన కళ్ళు కౌంటర్ దగ్గరే ఉన్నట్టు అనిపించింది జిలానికి. ఆరా తీయకుండా ఒకరి మీద మాట వేయొద్దని ప్రతి శుక్రవారం జుమ్మా నమాజులో వింటూనే ఉన్నాడు. చెవిలో పడిన మంచి మాట నోటిదాకా ఎందుకు రాదో ఆ అల్లాకే తెలియాలి.

రెండు రోజులు అతనికి పని సాగలేదు. మూడో రోజు గోదావరి వైపు నుంచి వచ్చిన నర్సు ఒకామె కోసం కాసులపేరు చేస్తున్నాడు. బంగారు బిళ్ళ కొంచెం బరువు ఎక్కువైంది. అలవాటుగా ఆకురాయితో రెండు లాగులు లాగి, బరువు సరిచేసి, తామర పువ్వు అచ్చులో పెట్టి నొక్కాడు. బయటికి తీసి చూస్తే తన ఆకురాయి గీత ఒకటి చెరిగిపోకుండా మిగిలింది. ఆ గీత తామర రేకు కిందికి దూరి అవతల తేలింది.

జిలాని లేచి నిలబడ్డాడు.

ఒంటిగంటకు దుకాణం మూశారు. మళ్ళీ తెరిచేది నాలుగింటికే. అతను టాక్సీ ఎక్కి అజైబాలో హిలాల్ ఇంటికి వెళ్ళాడు. ఖాదర్‌వలి గడప దగ్గర తలవంచుకుని ఉన్నాడు. ఉమైమా జిలానిని చూసి, ఇంకేం మిగిలిందని వచ్చినావు అని గొణిగింది.

జిలాని తాను చేసిన కాసులు రెండు హిలాల్ ముందు పెట్టాడు. ఒకటి అచ్చు పడకముందు ఆకురాయి తగిలింది, రెండోది పడ్డాక. ముందు తగిలితే గీత బొమ్మ కిందికి దూరుతుంది, తర్వాత తగిలితే బొమ్మను కోసుకుంటూ పోతుంది. ఇప్పుడు మీ కాసు చూడండి అని భూతద్దం అందించాడు.

హిలాల్ చాలాసేపు చూశాడు. గీతలన్నీ నక్షత్రాల కిందికే పోయాయి.

"బరువు ఎక్కువైందని ఆ కాసు చేసినోళ్ళే రుద్దినారు. రెండు వందల ఏళ్ళ కిందట," అన్నాడు జిలాని. "పాతకాలపు పనోళ్ళు. నా మాదిరోళ్ళే. వాళ్ళ పనిని నేను దొంగతనం అనుకున్నా. తప్పు నాది."

ఉమైమా చిన్న త్రాసు తెచ్చి తూచింది. పాత కాసుల పుస్తకంలో చెప్పిన బరువుకు వెంట్రుకవాసి తేడా, అంతే.

హిలాల్ లేచి వెళ్ళి ఖాదర్‌వలి నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు. "మాఫ్ కరో, చాచా," అని క్షమాపణ అడిగాడు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూశాడు. బుద్ధెరిగాక అబ్బా ఏడవడం ఉమైమా చూసింది అదొక్కసారే.

ప్రదర్శనలో ఆ కాసునే నడిమధ్యన పెట్టారు, పైన పెద్ద భూతద్దంతో. వచ్చినవాళ్ళందరికీ గీతల సంగతి చెప్పే పని ఖాదర్‌వలిదే. ఉతికిన తెల్ల లాల్చీలో నిలబడి హిందీలో ఒకసారి, అరబ్బీలో ఒకసారి చెప్పి అలిసిపోకుండా మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

గోడ పక్కన నిలబడి ఉన్న జిలాని దగ్గరికి ఉమైమా వచ్చింది.

"నువ్వు వచ్చి తప్పు నాదనకుంటే నిన్ను అడిగేవాళ్ళు లేరు. ఎందుకొచ్చినావు?"

"మీ అబ్బా కోసం."

"అంతేనా?"

"సగం."

ఆమె నవ్వు ఆపుకోవడానికి చున్నీ సర్దుకుంది. "మిగతా సగం నాకు చెప్పొద్దు. అదో, ఆయనకి చెప్పు. ధైర్యం ఉంటే."

జిలాని వెళ్ళి చెప్పాడు. తడబడుతూనే చెప్పాడు. ఖాదర్‌వలి మొత్తం విని, కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆమె తల వంచుకుంది, కాదనలేదు.

"మీ అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంటదా?"

"ఉంటది."

"కలుపు ఫోన్."

ప్రొద్దుటూరులో ఫోన్ ఎత్తారు. ఖాదర్‌వలి సలాం చెప్పాడు. అవతల నుంచి ఎవరు మీరని అడిగినట్టున్నారు.

"మీ వియ్యంకుడిని," అన్నాడు ఖాదర్‌వలి, హాలంతా వినపడేలా.