సిపాయి ఎజ్రా కూతురు

శనివారం ఉదయం తొమ్మిదైనా మిషిగన్‌లోని నోవైలో వెలుతురు సరిగ్గా రాలేదు. డ్రైవ్‌వే మీద మంచు తోసి వచ్చిన మల్లికార్జునరావు బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈ రోడ్ల మీద మూడు గంటల డ్రైవా? వచ్చే వారం చూద్దాంలే భవీ."

"వచ్చే వారం పేపర్ సబ్మిట్ చెయ్యాలి నాన్నా. నువ్వు ప్రామిస్ చేశావు," అంది భవిత.

ఉమామహేశ్వరి పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతోంది. భర్త వీసా ఎక్స్‌టెన్షన్ వచ్చింది గానీ, తల్లీకూతుళ్లది ఏడు నెలలుగా రాలేదు. దాంతో ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సులూ ఆగిపోయాయి. ఆమె వర్క్ పర్మిట్ కూడా ముగిసింది. నాలుగేళ్లుగా పిల్లలకు పాఠాలు చెప్పిన ప్రీస్కూల్‌లో ఇప్పుడు ఆమె స్థానంలో ఇంకెవరో ఉన్నారు. గుడికి గానీ, గ్రోసరీకి గానీ, భవిత కాలేజీకి గానీ, అతను కారెక్కించుకుంటేనే గడప దాటడం.

భవిత హిస్టరీ చదువుతోంది. పాతకాలపు సిపాయి ఒకరి జీవితాన్ని కాగితాల ఆధారంగా వెతికి రాయమని ప్రొఫెసర్ చెప్పారు. ఆమెకు దొరికినవాడి పేరు ఎజ్రా కాల్డ్వెల్. అమెరికా అంతర్యుద్ధంలో మోకాలికి తూటా తగిలి కుంటివాడయ్యాడు. 1866లో భార్యాబిడ్డలతో మిషిగన్ ఉత్తరాన అడవిలో ప్రభుత్వం ఇచ్చే నూట అరవై ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు. షరతు ఒక్కటే. ఐదేళ్లు అక్కడే కాపురం ఉండి సాగు చేస్తే భూమికి పట్టా వస్తుంది. అతని కాగితాలు అక్కడి కౌంటీ చరిత్ర సంఘంలో ఉన్నాయి.

"ఈ సిపాయిల గొడవ మానేసి కంప్యూటర్ సైన్స్‌కి మారమని ఎన్నిసార్లు చెప్పాను? ఆగస్టులో నీకు ఇరవై ఒకటి నిండుతుంది. నా వీసా మీద ఉండలేవు. స్టూడెంట్ వీసాకి మారి, మంచి జాబ్ తెచ్చుకుంటే..."

"నాన్నా, విండ్సర్‌లో యూనివర్సిటీ సీటు వచ్చింది." భవిత తల ఎత్తకుండానే అనేసింది. "నేను కెనడా వెళ్లిపోతా."

గరిటె చప్పుడు ఆగింది.

"ఎవర్ని అడిగి అప్లై చేశావు?"

"ఎవర్నీ అడగలేదు. అడిగితే ఆగు అంటావు."

"అంటాను! పద్నాలుగేళ్లు ఆ ఒక్క కంపెనీలో తలొంచుకుని పడున్నది ఎవరికోసం? మా నాన్న పోయినప్పుడు కూడా, వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని వెళ్లలేదు. ఫోన్‌లో చూశాను దహనం. ఎవరికోసం?"

"నేను అడగలేదు నాన్నా." భవిత తలెత్తి తండ్రి వైపు చూసింది. "ఆరేళ్లప్పుడు తీసుకొచ్చావు. నాకు ఇదే ఊరు. ఇక్కడ నన్ను ఉండనివ్వరు, నువ్వు వెళ్లనివ్వవు. నేనెక్కడుండాలి?"

"ఒకసారి బోర్డర్ దాటితే మళ్లీ ఎప్పుడు కలుస్తామో తెలుసా నీకు? ముగ్గురం ఒక్కచోట ఉండాలనే కదా నా ఏడుపు!"

"ఒక్కచోటే ఉన్నాం. ఎవ్వరం కదల్లేం."

ఉమామహేశ్వరి స్టవ్ ఆపేసింది. "ఏమండీ, కారు తియ్యండి. నేనూ వస్తాను."

"ఇప్పుడా? ఈ మంచులోనా?"

"ఇంకో శనివారం ఆ కిటికీ దగ్గర కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అలా మాట్లాడటం అతను వినలేదు. కారు తాళాలు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ ఊరు చేరారు.

చరిత్ర సంఘం అంటే లైబ్రరీ వెనక ఒక చిన్న గది. అక్కడ పనిచేసే పెద్దావిడ అట్టపెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. భవిత ఆత్రంగా పైకాగితం తీసి, అటూ ఇటూ తిప్పి నీరసపడిపోయింది. అంతా గొలుసుకట్టు రాత.

"నాకు ఇది చదవడం రాదు. స్కూల్లో మాకు ఈ రైటింగ్ నేర్పలేదు."

మల్లికార్జునరావు జేబులోంచి కళ్లజోడు తీశాడు. అనకాపల్లి స్కూల్లో లక్ష్మీకాంతం మాస్టారు బెత్తం పట్టుకుని నాలుగు గీతల పుస్తకాలు నింపించిన చెయ్యి అతనిది.

"ఇటియ్యి," అన్నాడు. "ముత్యాల్లా ఉంటే చదవడం రాదంటావేం?"

ఒక్కో వాక్యం చదివి, ఉమ కోసం తెలుగులో చెప్పసాగాడు. భవిత లాప్‌టాప్‌లో టైప్ చేసుకుంటోంది. మొదటిది 1871లో పట్టా కోసం ఎజ్రా ఇచ్చిన ప్రమాణపత్రం.

"'దుంగలతో ఇల్లు కట్టాను. పదకొండు ఎకరాలు సాగులోకి తెచ్చాను. భార్య మార్తా, ఇద్దరు కొడుకులు నాతోనే ఉన్నారు. ఈ ఐదేళ్లలో నా ఇంటివాళ్లెవరూ ఈ భూమి విడిచి వెళ్లలేదు.'"

"కూతురు కూడా ఉండాలి నాన్నా. లిడియా. దరఖాస్తులో ఆమె పేరుంది."

అతను వేలితో వరసలు వెతికాడు. "ఉంది. 'కుమార్తె లిడియాను ఈ భూమిలోనే పూడ్చాము.'"

రెండోది ఎజ్రా పోయాక, సిపాయి భార్యగా పింఛను కోసం మార్తా రాయించిన వాంగ్మూలం. మల్లికార్జునరావు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"'మా లిడియా ఒహాయోలో మా చెల్లెలి దగ్గరుండి టీచరు చదువు చదువుతానంది. అప్పటికి నాలుగేళ్లు గడిచాయి. నా భర్త ఒప్పుకోలేదు. ఇంట్లో ఒక్క మనిషి తగ్గినా కాపురం లేదని అధికారులు రాసేస్తారని ఆయన భయం. అలాంటి నియమమేదీ లేదని తర్వాత తెలిసింది. ఒక్క ఏడాది ఆగమన్నాడు. పిల్ల ఆగింది. ఆ చలికాలం దానికి జ్వరం వచ్చింది. మంచులో డాక్టరు రావడానికి దారి లేదు...'"

అతను ఆగాడు.

"చదవండి," అంది ఉమ మెల్లగా.

"'పట్టా వచ్చిన రోజు ఆయన దాన్ని విప్పి చూడలేదు. ఇదంతా ఎవరికోసం తీసుకున్నానే మార్తా అని...'"

అతను కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

తల్లీకూతుళ్లు వెళ్లేసరికి కారుకు ఆనుకుని, అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. భవిత కోటు అతని భుజాల మీద కప్పింది.

"నాన్నా, నేను లిడియాని కాదు. నాకేం కాదు."

"నువ్వు కాదమ్మా. నేనే ఆ ముసలాయన్ని." ముక్కు తుడుచుకున్నాడు. "మిమ్మల్ని కాపాడుతున్నాననుకున్నాను ఉమా. మిమ్మల్నిద్దర్నీ పట్టుకుని కూర్చున్నానంతే."

"మీరూ ఇరుక్కుపోయారు కదండీ," అంది ఉమామహేశ్వరి. ఆమె కళ్లూ నిండాయి. "ఆ మాట ఒక్కసారైనా పైకి అనలేదు మీరు."

కాసేపటికి అతను అడిగాడు. "క్లాసులెప్పుడు?"

"సెప్టెంబర్."

"మళ్లీ ఎప్పుడు కలుస్తామో నేను చెప్పలేను తల్లీ. నాకు భయంగానే ఉంది."

"నాక్కూడా," అంది భవిత. తండ్రిని గట్టిగా వాటేసుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

ముగ్గురూ లోపలికి వెళ్లారు. సాయంత్రం ఆ గది మూసేదాకా మల్లికార్జునరావు మిగతా కాగితాలన్నీ చదివి పెట్టాడు.

సెప్టెంబర్ మొదటి ఆదివారం భార్యాభర్తలిద్దరూ డెట్రాయిట్‌లో సరిహద్దు నది ఒడ్డున నిలబడ్డారు. కెనడా వీసాలు వాళ్లకింకా రాలేదు. అవతలి ఒడ్డు విండ్సర్. అక్కడ మనుషులు చీమల్లా కదులుతున్నారు. ఫోన్ మోగింది.

"నాన్నా, జెండా స్తంభం పక్కనే ఉన్నా. పసుపు జాకెట్. చెయ్యి ఊపుతున్నా చూడు. కనిపిస్తున్నానా?"

మల్లికార్జునరావుకు కన్నీళ్లు అడ్డుపడి నది కూడా సరిగ్గా కనిపించడం లేదు. అయినా చెయ్యి పైకెత్తి గట్టిగా ఊపాడు.

"కనిపిస్తున్నావమ్మా," అన్నాడు. "బాగా కనిపిస్తున్నావు."