పరాయి వెతపూస

రైలు గాజువాక దాటేసరికి పెట్టెనిండా ఏడుపు మొహాలే. ఎవరి పాట వాళ్లది. చెవి వెనక అంటించుకున్న వెతపూస మనసులోని గుబులును పసిగట్టి, అప్పటికప్పుడు దానికి గిటార్లూ డ్రమ్సూ తొడిగి, ఆ ఒక్కరికే వినబడేలా రాక్ పాట పాడుతుంది. ఊరంతా ఎవరి బాధను వాళ్లే చప్పరిస్తూ తిరుగుతోంది.

భార్గవరాముడు పెదవి విరిచాడు. ఒకప్పుడు రాక్ బృందానికి పాటలు రాసిన అతను, ఇప్పుడు వెతపూసల సంస్థలో ఆశా పర్యవేక్షకుడు. ప్రతి పాటా చివరి చరణంలో ఆశతో ముగిసేలా చూడటం ఉద్యోగం. గాయానికి సాయం, రాత్రికి మైత్రి: యంత్రానికి వచ్చిన ప్రాసలు అవే. ఆ చెత్తకు కన్నీళ్లు కార్చే జనమంటే అతనికి చెత్తకన్నా లోకువ. నియమం కొద్దీ తనూ పూస పెట్టుకునేవాడే గాని, ఏనాడూ మోగనివ్వలేదు.

ఎదురుగా కూర్చున్న బ్యాంకు ఉద్యోగినీ, పక్కనున్న ముసలాయనా పూసలు మార్చుకున్నారు; పూసలో నిండిన పాట, ఎవరు పెట్టుకున్నా అదే. కాసేపటికి ఆమె ముక్కు చీదుకుంది.

"మార్చుకోకూడదని తెలీదా?" అన్నాడు భార్గవరాముడు.

"తెలుసండీ. నా ఏడుపు నాకే విసుగొచ్చేసింది. ఈ తాతగారిది వింటే, కాస్త మనుషుల్లో పడ్డట్టుంది," అంటూ ఆమె ముసలాయన పూస తిరిగిచ్చి, తనది తీసుకుంది.

జనం తమ బాధతో విసుగెత్తిపోతారని సంస్థలో ఏ మేధావికీ తట్టలేదు. అతనికి నవ్వొచ్చింది.

"మీది కూడా ఇవ్వండి, ఒక్క పాట," అందామె.

"అందులో ఏమీ లేదు." చూపించి నోరు మూయిద్దామని పూస తీసి ఇచ్చాడు. ఆమెది తన చెవికి పెట్టుకున్నాడు.

అలిగి వెళ్లిపోయిన కూతురి గురించి పాట. తలుపుకు పిలుపు ప్రాస! అనుకున్నట్టే వచ్చింది. వెక్కిరిద్దామని నోరు తెరిచాడు. కానీ చివరిదాకా విన్నాడు.

"యోహాను ఎవరండీ?" అందామె, అతని పూస వింటూ.

భార్గవరాముడి మొహం పాలిపోయింది. "మా బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. జ్వరమొచ్చి పోయాడు."

"ఎవరితోనూ చెప్పుకోలేదా?"

"చెప్పుకోడానికేముంది?"

యోహాను కోసం, అతన్ని ఎన్నడూ చూడని ఈ మనిషి, వికారంగా మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అతను దిగాల్సిన స్టేషన్ వచ్చి వెళ్లిపోయింది.

"చివర్లో తెల్లారిందంటూ ఏదో వస్తోందండీ. అబద్ధంలా ఉంది," అందామె కళ్లు తుడుచుకుంటూ.

"అది నేను పెట్టించిందే."

"తీసేయండి. మీరు చెప్పండి, వింటాం."

ముసలాయన కూడా చెవి వెనక పూస ఊడదీసి ముందుకు జరిగాడు. భార్గవరాముడు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"వట్టి వెధవండీ వాడు," అన్నాడు చివరికి. "ఎన్నిసార్లు చెప్పినా రెండో చరణంలో తాళం తప్పేవాడు..."