ఎడమ చెయ్యి, నాలుగు వేళ్ళు

హెర్న్‌డన్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైఅంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకి బోర్డు లేదు. లిఫ్టూ లేదు. దేశరహస్యాలు కాపాడేవాళ్ళకి మెట్లెక్కే ఓపిక దండిగా ఉంటుందని ప్రభుత్వంలో ఎవరో అనుకుని ఉంటారు. యాభై మూడేళ్ళ జ్ఞానప్రసూన ఇరవై రెండు మెట్లూ ఎక్కి, ఆఖరి మెట్టు మీద మోకాలు పట్టుకుని నిలబడి, ఆ ఎవరినో మనసారా తిట్టుకుంది.

లోపల ఆమె చీఫ్ విద్య ఎదురుచూస్తోంది. విద్యకి ముప్పై మూడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. హోదాలో ప్రసూనకి పై అధికారి, పిలుపులో మాత్రం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో నేర్చుకున్న వరసే.

“ఆంటీ, కూర్చోండి. మీకు డాన్స్ వస్తుందా?”

“మెట్లే రావడం లేదమ్మా. విషయం చెప్పు.”

విద్య స్క్రీన్ ఆన్ చేసింది. పొడవాటి జుట్టు, వెండిరంగు జాకెట్, కెమెరాని సవాలు చేస్తున్న కళ్ళు. చూసినవాళ్ళు మళ్ళీ చూసే మనిషి.

“అంకిత. ఆష్‌బర్న్‌లో కే-పాప్ డాన్స్ స్టూడియో ఉంది. ఆర్కిడ్ రింగ్ అనే స్పై నెట్‌వర్క్‌కి పనిచేస్తుంది. స్టోలెన్ డేటా అంతా ఆమె కాస్ట్యూమ్ బాక్స్‌లలోనే మూవ్ అవుతుంది. లాస్ట్ ఇయర్ నుంచి మనకి కూడా పనిచేస్తుంది.”

“అంటే డబుల్ ఏజెంట్.”

“ఎస్. ఆరు వారాల్లో తెలుగు అసోసియేషన్ ప్రోగ్రామ్ ఉంది, ఆష్‌బర్న్ హైస్కూల్ ఆడిటోరియమ్‌లో. ఆ రోజు ఒక యూఎస్‌బీ డ్రైవ్ ఆమె చేతిమీదుగా కొరియర్‌కి వెళ్తుంది. అందులో ఒక డేటా సెంటర్ మాస్టర్ కీస్ ఉన్నాయి. అవి దేశం దాటితే సగం స్టేట్ హాస్పిటల్ రికార్డ్స్ వాళ్ళ చేతిలో. కొరియర్ మనకి ఎలైవ్ కావాలి. ఫేస్ ఎవరికీ తెలీదు. మీరు ఆమె స్టూడియోలో ఆంటీస్ బ్యాచ్ జాయిన్ అవ్వండి. మీరే కాంటాక్ట్.”

“పని అయ్యాక ఆ పిల్లని బయటికి తీస్తారా?”

విద్య స్క్రీన్ ఆపేసింది. “వీ విల్ ట్రై, ఆంటీ.”

‘ట్రై’ అన్నమాట ప్రసూన ఇదివరకు విన్నది. తొమ్మిదేళ్ళ క్రితం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ఫణికుమార్ అనే ఇంజనీరు తన దగ్గరికి వచ్చేవరకు కారులోంచి దిగవద్దని బ్రీఫింగ్. ఆమె దిగలేదు. అతను ప్రాణాలతో రాలేదు. ఆమె తప్పు చెయ్యలేదని రిపోర్టులో రాశారు. ఆ మాట ఆమెకి ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు.

ఆంటీస్ బ్యాచ్‌లో పధ్నాలుగు మంది. నేర్చుకునే పాట ‘సెంటర్ నాదే’. ఎంబర్ ఫైవ్ అనే అయిదుగురు కొరియన్ అమ్మాయిలు పాడి ఆడి ప్రపంచాన్ని ఊపేస్తున్న పాట. నేనొచ్చాను, జరగండి, ఈ మధ్య చోటు నాదే, అని మూడు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెబుతారు. తెలుగులో ‘ళ’ పలకలేని పిల్లలు ఆ కొరియన్ పల్లవిని ఒక్క అక్షరం పోకుండా అప్పజెబుతున్నారు. ప్రసూనకి మాత్రం అంత ఆత్మవిశ్వాసం వింటేనే నడుం నొప్పి వచ్చేది.

స్టూడియోలో గోడంతా అద్దమే. కాని మొదటివారమే ఆంటీలందరూ ఏకగ్రీవంగా తీర్మానించి దానికి కర్టెన్ వేయించారు. తమని తాము చూసుకుంటే నవ్వొచ్చి స్టెప్పులు పడటం లేదట. రాధారాణి అనే ఆవిడైతే తన అవతారం చూసి కింద కూర్చుని మరీ నవ్వింది.

“సరే ఆంటీలూ, అద్దం బదులు నేనే ఉంటా. నన్ను చూసి చెయ్యుండ్రి,” అంది అంకిత. ఆ రోజు నుంచి వాళ్ళ ఎదురుగా నిలబడి నేర్పింది. “రైట్ హ్యాండ్ పైకి!” అంటూ తన ఎడమ చెయ్యి ఎత్తేది, చూసేవాళ్ళకి తికమక లేకుండా. పధ్నాలుగు కుడి చేతులు లేచేవి. ప్రసూనది ఒక అరక్షణం ఆలస్యంగా లేచేది.

షోకి మూడు రోజుల ముందు, భుజం సరిచేసే నెపంతో అంకిత ఆమె చెవి దగ్గరికి వచ్చింది. పాట హోరులో గబగబా చెప్పింది.

“నా ఫోన్ గుంజుకున్నరు ఆంటీ. సౌండ్ ఇంజనీర్ అని ఒకడిని నా ఎంబడి పెట్టిన్రు. టాయిలెట్‌కి పోయినా డోర్ దగ్గరే ఉంటడు. కొరియర్ ఎవడో, ఏడ కూసుంటడో ఆ రోజు స్టేజ్ ఎక్కే ముందు వానికి డ్రైవ్ ఇచ్చేటప్పుడే తెలుస్తది. డ్రైవ్ మార్చలేను, ఆ సౌండ్ ఇంజనీర్ చెక్ చేస్తడు.”

“మాకెలా చెబుతావు?”

“పాట లాస్ట్ పోజ్‌ల. రైట్ బ్లాక్ అయితే రైట్ హ్యాండ్, లెఫ్ట్ అయితే లెఫ్ట్. టికెట్ మీద ప్రింట్ ఉన్నట్టే. వేళ్ళు ఎన్నో వరస అన్నట్టు. వరస మొదట్ల, నడిచే దారి పక్క సీటు.”

టికెట్ మీద లెఫ్ట్ బ్లాక్ అంటే స్టేజీకేసి చూస్తూ కూర్చున్నవాళ్ళ ఎడమ పక్కది. ప్రసూన తల ఊపింది.

“నన్ను బయటికి తీస్తరు కదా?”

ట్రై అనాలి. బ్రీఫింగ్ ప్రకారం అంతే అనాలి. “తీస్తాను,” అంది ప్రసూన.

శనివారం మధ్యాహ్నం ఆడిటోరియం కిటకిటలాడుతోంది. ప్రసూన కాస్ట్యూమ్ ఆంటీ వేషంలో, స్టేజీకి పక్కనున్న మెట్ల దగ్గర నిలబడింది. చీర కుచ్చిళ్ళు జారినా, లంగా ఊడినా పరుగెత్తుకొచ్చేది ఆమె దగ్గరికే. కొంగుకి పిన్నీసుల గుత్తి. అందులో ఆకుపచ్చ పూసున్నది గుచ్చితే ఏనుగులాంటి మనిషైనా పది సెకన్లలో పడిపోతాడు. చెవి బుట్టలో రిసీవర్, ముక్కుపుడకలో మైకు. పార్కింగ్‌లో ఆగి ఉన్న క్యాటరింగ్ వ్యానులో విద్య. ఆమె మనుషులు ఆరుగురు ఏప్రాన్లు కట్టుకుని హాలు నిండా తిరుగుతున్నారు. “సమోసా రెడీ” అంటే పట్టుకోమని కోడ్.

సౌండ్ బల్ల దగ్గర గడ్డం మనిషి ఒకడు అంకిత మీదనుంచి కళ్ళు తిప్పడం లేదు. పొరపాటున వేరేవాడిని పట్టుకున్నామంటే, అంకిత సైగ చేసిందని వీడికి నిమిషంలో తెలిసిపోతుంది. ఆ పిల్ల గ్రీన్ రూమ్ దాకా కూడా నడవదు. ప్రసూనకి ఆ లెక్క బాగా తెలుసు.

లైట్లు ఆరాయి. పిల్లల చేతుల్లో లైట్ స్టిక్కులు వెలిగాయి. డ్రమ్ము ఒక్కసారి దద్దరిల్లింది.

అంకిత మధ్యలోకి వచ్చింది. అటూ ఇటూ నలుగురు అమ్మాయిలు. మూడు రోజులుగా తిండి సరిగ్గా తినని మనిషి, ప్రాణం అరచేతిలో పెట్టుకున్న మనిషి, గడ్డం ఎత్తి హాలంతా తనదే అన్నట్టు నవ్వింది. ఎనిమిది వందల మంది లేచి అరుస్తున్నారు. భయం ఎక్కడ దాచిందో ఒక్కరికీ కనబడలేదు.

ఆఖరి బీట్. అయిదుగురూ విగ్రహాల్లా ఆగారు. అంకిత చెయ్యి లేచింది.

ఎడమ చెయ్యి. నాలుగు వేళ్ళు.

“లెఫ్ట్ బ్లాక్, రో ఫోర్, ఐల్ సీట్,” చెవిలో విద్య. “కెమెరాలో చూస్తున్నా. ఓల్డ్ మ్యాన్, గ్రే స్వెటర్, చేతిలో ఫోన్. టీమ్, మూవ్.”

ప్రసూన అటు చూసింది. పరంధామయ్యగారు. రిటైరైన హెడ్మాస్టరు, మనవరాలి డాన్సు వీడియో తీయడానికొచ్చి, ఫోన్ తిరగేసి పట్టుకుని సీలింగ్ తీస్తున్నాడు. అమాయకుడిలా ఉన్నాడు. కాని ఈ వృత్తిలో అమాయకంగా ఉండటం ఒక అర్హత.

“ఆగు విద్యా,” అంది ప్రసూన.

“వై?”

“అటు కాదు. రైట్ బ్లాక్, నాలుగో వరస.”

“ఆంటీ, లెఫ్ట్ హ్యాండ్ లేపింది. లెఫ్ట్ హ్యాండ్ అంటే లెఫ్ట్ బ్లాక్. మీరే కదా చెప్పారు!”

“ఎదురుగా మనుషులుంటే ఆ పిల్ల రైట్ అనుకుని ఎడమ చెయ్యి ఎత్తుతుంది. ఆరు వారాలు మాకు అద్దంలా నిలబడి నేర్పింది. ఒంటికి పట్టేసింది.”

“ఇది క్లాస్ కాదు, షో! రోజూ షోస్ చేసే మనిషి!”

“డాన్సు ఆమె ఇష్టప్రకారం చేసింది. ఈ సైగ మనకి చెప్పడానికి చేసింది. చెప్పేటప్పుడు ఆమె టీచరే.”

“మీరు ష్యూరా?”

“కాదు.”

హాల్లో లైట్లు వెలిగాయి. మైకులో ఎవరో ఇంటర్వెల్ అన్నారు, జనం ఒక్కసారిగా లేచారు. రైట్ బ్లాక్ నాలుగో వరస మొదటి సీట్లో, మీగడరంగు కుర్తా వేసుకున్న ఒక కుర్రాడు అందరికంటే ముందు లేచి, తలుపుకేసి నడిచాడు.

“మీరు రాంగ్ అయితే షీ డైస్, ఆంటీ.”

“నువ్వు రాంగ్ అయినా అంతే. కారులో కూర్చుని బ్రీఫింగ్ ప్రకారం నడుచుకోవడం నేనొకసారి చేశాను తల్లీ. మళ్ళీ చెయ్యలేను.”

విద్య గట్టిగా ఊపిరి వదిలింది. “టీమ్, హోల్డ్. ఆంటీ, మీకు టూ మినిట్స్.”

రెండు నిమిషాలు పరుగెత్తగలవాళ్ళకి చాలా సమయం. ప్రసూన సమోసాల క్యూని చీల్చుకుంటూ, “కాస్త జరగండమ్మా, కాస్త జరగండి” అంటూ, కుంటుతూ పార్కింగ్‌లోకి వచ్చేసరికి కుర్తావాడు నల్లకారు తలుపు తీసి సీట్లో కూర్చున్నాడు. ఒడిలో లాప్‌టాప్. జేబులోంచి తీసిన డ్రైవ్ దానికి పెట్టాడు.

“బాబూ,” అంది ప్రసూన, తలుపు పట్టుకుని. “కాస్త మంచినీళ్ళున్నాయా? కళ్ళు తిరుగుతున్నాయి.”

వాడు తలెత్తాడు. ఒక్క ముక్క అర్థం కాలేదని ఆ మొహమే చెప్పింది. తెలుగు అసోసియేషన్ ప్రోగ్రాముకి వచ్చి మూడు గంటలు కూర్చున్న మనిషి! “సారీ, మామ్,” అని తలుపు లాక్కోబోయాడు. ఒడిలో తెర మీద అప్‌లోడ్ పచ్చగీత పాకుతోంది. ఎనభై శాతం. ఎనభై అయిదు.

సరిగ్గా అప్పుడు ప్రసూన మోకాలు మడత పడింది. నటిద్దామనే అనుకుంది గాని ఆ అవసరం రాలేదు. ఆమె అరిచి వాడి మీద పడింది. ఆ పడటంలో ఆకుపచ్చ పూస పిన్నీసు తొడలో దిగింది. వాడు ఆమె మెడ పట్టుకున్నాడు. తొంభై మూడు. వాడి వేళ్ళు బిగిశాయి. ఆమె కళ్ళు నిజంగానే తిరిగాయి. తడుముకుంటూ చెయ్యి చాపింది. తొంభై ఎనిమిది. వేలికి ఏదో తగిలింది, పీకింది.

పచ్చగీత ఆగిపోయింది. మెడ మీది వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

“సమోసా రెడీ,” అంది ప్రసూన, దగ్గుతూ. “నాకూ ఒకటి ఉంచండి.”

లోపల గడ్డం మనిషిని ఇద్దరు ఏప్రాన్లవాళ్ళు రెండు పక్కలా నిలబడి పచ్చడి వడ్డించే నెపంతో బయటికి నడిపించారు. పరంధామయ్యగారు ఇంకా సీలింగ్ తీస్తూనే ఉన్నాడు.

సాయంత్రం అయిదింటికి ఒక చిన్న ఎయిర్‌ఫీల్డు దగ్గర కారు ఆగింది. వెనక సీట్లో అంకిత, ప్రసూన. అంకిత కళ్ళకింద మెరుపుల పొడి ఇంకా అంటుకునే ఉంది.

“వాన్ని పట్టుకునుడు ఎందుకు లేటయింది ఆంటీ? రైట్ హ్యాండ్ కరెక్ట్‌గనే ఎత్తిన కదా?”

ప్రసూన ఫోన్‌లో ఆ ఆఖరి పోజ్ చూపించింది. అంకిత చాలాసేపు చూసింది. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏది ఏదో మొదటిసారి నేర్చుకుంటున్నట్టు మార్చి మార్చి చూసింది. తరువాత ఏడ్చింది. ప్రసూన కొంగు అందించింది, పిన్నీసులు తీసేసి.

“నా తప్పుకి నేనే పోయేదాన్ని.”

“పోలేదుగా. ఇదిగో, చదువుకో.”

కవర్‌లో కొత్త పేరు, కొత్త లైసెన్సు, ఉత్తరాదిన ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో పిల్లల లైబ్రరీలో ఉద్యోగం. రెండో కాగితం మీద చెయ్యకూడని పనుల జాబితా. అంకిత వేలు ఒక లైను దగ్గర ఆగింది.

“డాన్స్ చెయ్యొద్దంట. స్టేజ్ ఎక్కొద్దంట. ఎప్పటికీ.”

“ఊఁ.”

“ఇవ్వాళ అంత మంది లేచి నిలబడ్డరు ఆంటీ. నన్ను చూసి. ఇగ ఎవ్వరూ చూడరా?”

విమానం ఇంజను మొదలైంది. ఆ పిల్ల బతికి ఉంది. తొమ్మిదేళ్ళ తరువాత ప్రసూన ఒక మనిషిని బతికించి తీసుకొచ్చింది. దానికి సంతోషించే ఓపిక రేపు వస్తుందేమో.

“ఎవరూ చూడకపోవడం మెల్లగా అలవాటవుతుందమ్మా. పాతికేళ్ళుగా ఎవరి కంటా పడకుండా బతకడమే నా ఉద్యోగం.”

“మీకు అలవాటయిందా?”

“ఓ, ఎప్పుడో,” అంది జ్ఞానప్రసూన. డ్యూటీలో ఆ రోజు ఆమె చెప్పిన ఆఖరి అబద్ధం అదే.